బిట్లు బెటరా, రాసేవి బెటరా?

రవి: సుధక్కా, ముందే చెప్పేస్తున్నా, నా ఓటు బిట్లకే. ఏమీ రాకపోయినా నాలుగింట్లో ఏదో ఒకటి టిక్ పెట్టొచ్చు కదా!

సుధ: ఒప్పేసుకున్నావు! నలభై బిట్లకి గుడ్డిగా టిక్కులు పెట్టుకుంటూ పోయినా సగటున పది తగులుతాయి మరి. అందుకే కొన్ని పరీక్షల్లో తప్పుకి మూడో వంతు మార్కు కోసేస్తారు, అప్పుడు గుడ్డి టిక్కుల లెక్క సగటున సున్నాకి వస్తుంది. కానీ నా గొడవ అది కాదురా. 3ఎక్స్ + 7 = 22 అని ఇచ్చి, కింద 3, 4, 5, 6 ఆప్షన్లు పెట్టావనుకో, పిల్లలేం చేస్తారు?

రవి: ఒక్కోటీ పెట్టి చూస్తారు. 5 దగ్గర సరిపోతుంది, అయిపోయింది.

సుధ: అదీ! ఆల్జీబ్రా వచ్చో లేదో చూద్దామని నువ్వు అడిగావు, వాళ్లు ఎక్కం చదివేసి వెళ్లిపోయారు. అదే ప్రశ్నకి ఆప్షన్లు తీసేసి, స్టెప్పులు రాయమను, అప్పుడు తెలుస్తుంది.

రవి: అయితే అన్నీ రాసేవే ఇస్తే పోలా?

సుధ: దిద్దేదెవరు? నేను పేపర్లు దిద్దిన రోజుల్లో పొద్దున రెండు మార్కులేసిన జవాబుకే భోజనం అయ్యాక ఒకటి వేసిన సందర్భాలున్నాయి, దాచడమెందుకు. టిమ్స్ అని 1995 నుంచి 4, 8 తరగతులకి చాలా దేశాల్లో లెక్కలు, సైన్సు పరీక్ష పెడుతున్నారు కదా, అందులో రాసిన జవాబుల్లో కొన్నిటిని ఇద్దరితో విడివిడిగా దిద్దించి, ఎంతవరకు కలిశాయో చూస్తారు. ఇంకోటి నాకు భలే నచ్చింది, వాళ్లు జవాబుకి రెండంకెల కోడ్ వేస్తారు. మొదటి అంకె జవాబు ఒప్పా తప్పా చెప్తుంది, రెండోది ఏ దారిలో చేశారో, ఎలాంటి తప్పు చేశారో చెప్తుంది.

రవి: బిట్లలో అది కుదరదుగా.

సుధ: ఎందుకు కుదరదు? 1/2 + 1/3 ఎంత అని అడిగి, ఆప్షన్లలో 2/5 పెట్టు. అది టిక్ పెట్టారంటే పైవి పైవీ, కిందవి కిందవీ కూడేశారని దాదాపు తెలిసిపోయినట్టే. కష్టమంతా ఆ తప్పు ఆప్షన్లు రాయడంలోనే ఉంది. చాలామంది నాలుగోది ఏదీ దొరక్క ఏదో ఒకటి పడేస్తారు, దాన్ని ఎవ్వరూ టిక్ పెట్టరు. దానికన్నా మూడే మంచివి పెట్టడం నయం.

రవి: లేదా 'పైవన్నీ' అని పెట్టేస్తారు.

సుధ: అబ్బా, దాని పేరెత్తకు! రెండు ఒప్పని తెలిస్తే చాలు, మూడోది చదవకుండానే 'పైవన్నీ' కొట్టేయొచ్చు. ప్రశ్నలు రాయడంలో చెయ్యి తిరిగినవాళ్లు దాన్ని దగ్గరికి రానివ్వరు.

రవి: అక్కా, నా స్కూలు మార్కుల్లో సగం దాని పుణ్యమే.