చిన్న దేశానికి మెరైన్ దళం ఊరేగింపు ఏనుగేనా? చెన్నై స్టూడియో చర్చ పూర్తి పాఠం

శ్రీలంక తన సైన్యాన్ని 2030 నాటికి లక్ష మందికి తగ్గించుకోవాలని తీసుకున్న నిర్ణయంపై గత వారం ఇదే వేదిక మీద మాట్లాడుతూ, ఒక విశ్రాంత నౌకాదళ కమాండర్, "చిన్న దేశానికి మెరైన్ దళమంటే పెళ్ళి ఊరేగింపుకు తెచ్చిన ఏనుగు; ఊరేగింపు ఒక్క పూట, మేత మాత్రం ఏడాది పొడవునా" అన్నారు. ఆ మాట మీద చాలామంది ప్రేక్షకులు అభ్యంతరం తెలిపారు. అందువల్ల ఈ వారం ఆయనకు ఎదురుగా అంతర్జాతీయ సంబంధాలు బోధించే ఒక ఆచార్యురాలిని, ఏళ్ళ తరబడి శ్రీలంక వ్యవహారాలు రాస్తున్న నెల్లూరు పాత్రికేయుణ్ణి చెన్నైలోని మా స్టూడియోకు పిలిచి, ముగ్గురికీ సమాన సమయం ఇస్తామని మాట ఇచ్చాం. రికార్డింగు 42 నిమిషాలు సాగింది. అందులో 25 నిమిషాలు కమాండర్ గారి గొంతే వినిపిస్తుంది. ఒకరి మాటపై మరొకరు మాట్లాడిన చోట వినిపించినంత వరకే రాశాం.

సంధానకర్త: నమస్కారం. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మన మద్రాసు మీద గుండ్లు కురిపించి, రేవులోని చమురు ట్యాంకులను తగలబెట్టి వెళ్ళిపోయింది. సముద్రం వైపు నుంచి ప్రమాదం రావడమంటే ఏమిటో ఈ నగరానికి తెలుసు. కాబట్టి సూటిగానే అడుగుతాను. శ్రీలంకకు ఇప్పుడు మెరైన్ దళం ఉంది. రేపు ఆ దళం రామేశ్వరానికీ శ్రీలంకకూ మధ్య ఉన్న కచ్చతీవు దీవిలో దిగితే మన మత్స్యకారుల గతి ఏమిటి?

ఆచార్యురాలు: ఆ ప్రశ్నకు వెళ్ళే ముందు, మెరైన్ దళం అంటే ఏమిటో ప్రేక్షకులకు ఒకసారి...

కమాండర్: అది నేను చెబుతానమ్మా, నా వృత్తి అదే కదా. ఓడ మీద వెళ్ళి, శత్రువు కాల్పుల మధ్య తీరంలో దిగి, వెనక నుంచి పెద్ద సైన్యం వచ్చేదాకా ఆ నేలను పట్టుకుని ఉండగలిగిన దళాన్ని మెరైన్ దళం అంటారు. అనుమానం వచ్చిన పడవ ఎక్కి సోదా చేసేవారు మెరైన్లు కారు, తీర రక్షక దళం వారూ మెరైన్లు కారు. మన మార్కోస్ కూడా 1987లో ఏర్పడిన ప్రత్యేక కమాండో దళమే తప్ప మెరైన్ కోర్ కాదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మెరైన్ దళమంటే మనుషులు కాదు, ఓడలు. ఓడ లేని మెరైన్ ఖరీదైన బూట్లు వేసుకున్న పదాతి సైనికుడు మాత్రమే. ఆ ఓడ కూడా ఒక్కటి ఉంటే చాలదు. ఒకటి సముద్రం మీద ఉంటే, ఒకటి మరమ్మతులో ఉంటుంది, ఇంకొకటి శిక్షణలో ఉంటుంది. అంటే ఎప్పుడూ ఒక్క ఓడ సిద్ధంగా ఉండాలంటే మూడు కొనాలి. 2022లో అప్పు తీర్చలేమని చేతులెత్తేసిన దేశం మూడు ఓడలు ఎక్కడి నుంచి తెస్తుంది?

పాత్రికేయుడు: ఇక్కడ ఒక సవరణ అవసరం. శ్రీలంక మెరైన్ దళం 2016లో ఏర్పడిన చిన్న విభాగం, అది నౌకాదళంలో అంతర్భాగం. లక్షకు తగ్గిస్తామన్నది భూసైన్యం సంఖ్యను. ఈ రెండింటినీ కలిపి మాట్లాడితే...

కమాండర్: సంఖ్య చిన్నదైతే ఏనుగు కుక్కపిల్ల అవుతుందా?

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు.)

పాత్రికేయుడు: మీరు ఏనుగు అన్నారు కాబట్టి ఆ దేశంలోనే జరిగిన ఒక ఏనుగు కథ చెబుతాను. 1991 జులైలో ఎలిఫెంట్ పాస్ శిబిరాన్ని ఎల్టీటీఈ ముట్టడించింది. తమిళంలో ఆ చోటును ఆనైయిరవు అంటారు, పేరులోనే ఏనుగు ఉంది. లోపల సుమారు 800 మంది సైనికులు చిక్కుకున్నారు. అప్పుడు శ్రీలంకకు మెరైన్ దళం లేదు. అయినా నౌకాదళం మోసుకువెళ్ళగా, మామూలు సైనికులే తూర్పు తీరంలోని వెట్టిలైకేణి దగ్గర దిగారు. అక్కడి నుంచి శిబిరం దూరం కాదు, కానీ ఆ దారి నడవడానికి వారికి రెండు వారాలకు పైగా పట్టింది. శిబిరం నిలిచింది. దీన్ని మెరైన్ దళం అనవసరమనడానికి సాక్ష్యంగా తీసుకోవచ్చు. మెరైన్ దళం ఉంటే త్వరగా చేరేవారనడానికీ తీసుకోవచ్చు.

కమాండర్: నేను మొదటి దానికే తీసుకుంటాను!

సంధానకర్త: అంటే ఆ అనుభవం ఉన్నవారు కచ్చతీవులో దిగడం కష్టమేమీ కాదన్నమాట.

పాత్రికేయుడు: కచ్చతీవు 285 ఎకరాల దీవి. అక్కడ ఊరు లేదు, తాగడానికి మంచినీళ్ళు లేవు, ఉన్నదల్లా ఒక అంతోనియార్ చర్చి. 1974 ఒప్పందం ప్రకారం అది వారి భూభాగం. తమ నేల మీద దిగడానికి ఎవరికీ మెరైన్ దళం అక్కర్లేదు. మన మత్స్యకారులను పట్టుకుంటున్నవి నౌకాదళపు గస్తీ పడవలు. రెండూ వేర్వేరు విషయాలు.

సంధానకర్త: ప్రజలకు మాత్రం రెండూ ఒకటే. ఆచార్యులు గారూ, మీరు చెప్పండి.

ఆచార్యురాలు: కమాండర్ గారు ఓడల గురించి చెప్పినది నిజమే. మనిషి కన్నా ఓడ ఖరీదు ఎక్కువ. కానీ ఆయన మెరైన్ దళాన్ని తీరంలో దిగే దళంగానే చూస్తున్నారు. మాల్దీవులను తీసుకోండి. 1988 నవంబరు 3న సుమారు 80 మంది కిరాయి సైనికులు సముద్రం మీదుగా వచ్చి రాజధాని మాలేను దాదాపు పట్టుకున్నారు. వారిని ఎదిరించగల దళం ఆ దేశానికి లేకపోయింది. ఆ రాత్రే...

కమాండర్: ఆ రాత్రే మన పారా దళం ఆగ్రా నుంచి విమానాల్లో వెళ్ళి దిగింది. పారిపోతున్న వారి ఓడను మన గోదావరి, బేత్వా నౌకలు సముద్రంలో వెంటాడి పట్టుకున్నాయి. చూశారా? పొరుగున పెద్ద దేశం ఉంటే చిన్న దేశం మెరైన్ దళాన్ని పోషించనక్కర్లేదు. నా వాదనను మీరే బలపరుస్తున్నారమ్మా.

ఆచార్యురాలు: నన్ను పూర్తి చేయనివ్వండి. అదే మాల్దీవులు 2024లో తమ గడ్డ మీద ఉన్న భారత సైనిక సిబ్బందిని వెళ్ళిపొమ్మని కోరాయి, మే నెలకల్లా మనవారు తిరిగి వచ్చేశారు. పొరుగువాడి రక్షణ పొరుగువాడితో ఉండే స్నేహం లాంటిది. అది ప్రతి ఎన్నికకూ మారుతుంది. ఆ దేశపు రక్షణ దళంలో ఇప్పుడు మెరైన్ కోర్ ఉంది. ఎందుకు పెట్టుకున్నారో 1988 నాటి ఆ రాత్రే చెబుతుంది.

సంధానకర్త: మాల్దీవులు మనకు దూరం. శ్రీలంక దగ్గర. కచ్చతీవు విషయంలో మీ అభిప్రాయం...

ఆచార్యురాలు: నేను ఫిలిప్పీన్స్ దగ్గరకు రావాలనుకుంటున్నాను. అక్కడ 1950 నుంచీ మెరైన్ కోర్ ఉంది.

కమాండర్: పదకొండు కోట్ల జనాభా దాటిన దేశం చిన్న దేశమా? మనం చర్చిస్తున్నది చిన్న దేశాల గురించి.

(ఇక్కడి నుంచి చిన్న దేశం అంటే ఏమిటన్న దాని మీద నాలుగు నిమిషాలు గడిచాయి. జనాభాతో కొలవాలని కమాండర్, ఎదురుగా ఉన్న శత్రువుతో పోల్చి కొలవాలని ఆచార్యురాలు అన్నారు. నెదర్లాండ్స్ జనాభా రెండు కోట్ల లోపే అయినా దాని మెరైన్ దళం 1665 నుంచీ ఉందని, 1973 నుంచి బ్రిటిష్ మెరైన్లతో కలిసి పనిచేస్తోందని ఆమె గుర్తుచేశారు. ఆ దేశానికి రోటర్‌డామ్, యోహాన్ డె విట్ అనే పెద్ద ల్యాండింగ్ నౌకలు ఉన్నాయి కాబట్టే దళమూ ఉందని కమాండర్ బదులిచ్చారు. ఎటూ తేలలేదు.)

పాత్రికేయుడు: బొలీవియాకు సముద్రమే లేదు. 1879లో మొదలైన యుద్ధంలో తీరమంతా చిలీకి పోయింది. అయినా ఆ దేశానికి నౌకాదళం ఉంది, అందులో మెరైన్లు ఉన్నారు, టిటికాకా సరస్సు మీద కవాతు చేస్తారు.

కమాండర్: (నవ్వుతూ) ఇదిగో, ఊరేగింపు ఏనుగంటే ఇదే! ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను కూడా ఇవ్వలేను.

ఆచార్యురాలు: పోయిన తీరాన్ని మరచిపోలేదని చెప్పడం కూడా ఒక ప్రయోజనమే. దానికి వారు డబ్బు పెడుతున్నారు. తెలివైన పనో కాదో వేరే మాట, కానీ దాన్ని ఊరేగింపు అని కొట్టిపారేయలేం.

కమాండర్: కొట్టిపారేస్తాను. ఎందుకంటే తీరంలో దిగడం ఎంత కష్టమో నాకు తెలుసు. 2019 నవంబరులో అమెరికాతో కలిసి టైగర్ ట్రయంఫ్ విన్యాసం చేసినప్పుడు కాకినాడ తీరంలో వారి మెరైన్లు, మన సైనికులు దిగడం చూడడానికి వెళ్ళాను. చూసేవారికి పండగలా ఉంటుంది. ఓడ నడిపేవాడికి మాత్రం గుండె గొంతులోకి వస్తుంది. ఒడ్డుకు వచ్చే ల్యాండింగ్ ఓడకు అడుగు చదునుగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి అలకే ఊగిపోతుంది, లోపలి సైనికుల్లో సగం మంది వాంతులు చేసుకుంటారు. తీరం ఏటవాలు ఎంతో ముందే కొలిచి ఉండాలి. ఒడ్డుకు వచ్చేటప్పుడే వెనుక లంగరు వదలాలి, లేకపోతే తిరిగి నీటిలోకి లాక్కోలేరు. పోటు చూసుకుని రావాలి; ఆటు మొదలయ్యాక వచ్చారో, మళ్ళీ పోటు వచ్చేదాకా ఇసుకలో కూరుకుపోయి శత్రువుకు గురిబొమ్మలా నిలబడాల్సిందే. ఇదంతా ఏడాదికి ఒకసారి చేస్తే వచ్చే విద్య కాదు, నెలనెలా చేయాలి. చిన్న దేశానికి అంత ఇంధనం ఎవరిస్తారు?

ఆచార్యురాలు: మీరు చెప్పిన ఈ కష్టమే నా వాదన! 1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధంలో, మన సైన్యాన్ని కాక్స్ బజార్ దగ్గర దింపబోతే ఏమైంది? అలాంటి శిక్షణే లేని పదాతి దళాన్ని ఎక్కించారు, ఓడ ఒడ్డుకు చేరువగా రాలేకపోయింది, లోతు నీటిలో దిగినవారిలో కొందరు మునిగిపోయారు. నిత్యం ఇదే పని చేసే దళం లేకపోతే జరిగేది అదే.

కమాండర్: అది శిక్షణ లోపం. శిక్షణ కావాలని నేనూ అంటున్నాను, వేరే దళం అక్కర్లేదని అంటున్నాను. నూట నలభై కోట్ల జనాభా ఉన్న మన దేశానికే మెరైన్ కోర్ లేదు. తిరువనంతపురంలో, అండమాన్‌లో పదాతి సైన్యంలోనే సముద్రం నుంచి తీరంలో దిగే ఉభయచర బ్రిగేడ్లు ఉన్నాయి. వాటిని మోయడానికి 2007లో చేరిన జలాశ్వ నౌక మన విశాఖలో ఉంది. సింగపూర్‌కూ మెరైన్ కోర్ లేదు. పదాతి సైన్యంలోని గార్డ్స్ దళానికే ఆ శిక్షణ ఇస్తారు, నాలుగు ఎండ్యూరెన్స్ తరగతి నౌకలు పెట్టుకున్నారు. 2004 సునామీ వచ్చినప్పుడు ఆ తరగతి నౌకలే ఇండోనేషియాలోని ఆచే ప్రాంతానికి సాయం మోసుకెళ్ళాయి. ముందు ఓడ, తర్వాత మనిషి. నేను మళ్ళీ చెబుతున్నాను, ముందు ఓడ.

సంధానకర్త: ఓడ ఉంటే కచ్చతీవుకు...

పాత్రికేయుడు: అయ్యా, కచ్చతీవుకు మరపడవ చాలు.

ఆచార్యురాలు: ఫిలిప్పీన్స్ గురించి నా మాట సగంలో ఆగిపోయింది. దక్షిణ చైనా సముద్రంలో ఒక దిబ్బ మీద వారు 1999లో సియెర్రా మాద్రే అనే పాత ల్యాండింగ్ ఓడను కావాలనే ఎక్కించి వదిలేశారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఓడ అది, తుప్పు పట్టి పోతోంది, ఇక కదలదు. అందులో ఈనాటికీ కొద్దిమంది ఉంటున్నారు, వారిలో మెరైన్లే ముఖ్యులు. వారికి తిండి, నీళ్ళు చేర్చడమే చైనాతో పెద్ద గొడవగా మారింది. వారు ఎక్కడా దిగడం లేదు, ఏ తీరాన్నీ గెలవడం లేదు, ఆ దిబ్బ మీద కదలకుండా కూర్చున్నారు, అంతే. వారు అక్కడ ఉన్నంత కాలం ఆ దిబ్బ తీసుకోవాలంటే మనుషుల మీద చెయ్యి వేయాలి, దాని పర్యవసానం భరించాలి. కమాండర్ గారు చెప్పిన మూడు ఓడల లెక్క దిగే దళానికి సరిపోతుంది. కూర్చునే దళానికి ఆ లెక్క వర్తిస్తుందా అన్నదే నా ప్రశ్న.

(ఈ ప్రశ్న దగ్గర స్టూడియోలో కొంత నిశ్శబ్దం ఏర్పడింది. చర్చలో అలాంటి క్షణం ఇదొక్కటే.)

సంధానకర్త: చాలా ఆసక్తికరమైన విషయం చెప్పారు. అంటే కచ్చతీవులో కూడా రేపు శ్రీలంక ఇలాగే ఒక పాత ఓడను...

కమాండర్: తుప్పు ఓడలో కూర్చోవడానికి మెరైన్ ఎందుకమ్మా? ఏ సైనికుడినైనా కూర్చోబెట్టవచ్చు. ఇంకో మాట. అదే ఫిలిప్పీన్స్ మన దగ్గర 2022లో బ్రహ్మోస్ కొనడానికి ఒప్పందం చేసుకుంది, 2024 ఏప్రిల్‌లో మొదటి విడత అందింది. దేశాన్ని కాపాడేది క్షిపణి. ఒడ్డున దాచిపెట్టుకుంటే చాలు, ఓడా అక్కర్లేదు, దిగడమూ అక్కర్లేదు.

ఆచార్యురాలు: ఆ బ్రహ్మోస్‌ను వారు ఎవరి చేతికిచ్చారో చెప్పండి.

కమాండర్: అది పరిపాలన విషయం.

ఆచార్యురాలు: మెరైన్ కోర్ చేతికే ఇచ్చారు! అమెరికా మెరైన్ కోర్ కూడా 2020 తర్వాత ట్యాంకులు వదిలేసి, దీవుల్లో చిన్న జట్లుగా, క్షిపణులతో ఉండే పద్ధతికి మారుతోంది. పెద్ద దేశమే చిన్న దేశం పద్ధతి నేర్చుకుంటుంటే...

కమాండర్: క్షిపణి బండిని ఫిరంగి దళం కూడా నడుపుతుంది. పేరు మారిస్తే పని మారదు.

పాత్రికేయుడు: ఒక నిమిషం ఇవ్వండి. జీతాలు, పింఛన్ల లెక్క ఎవరూ చూడడం లేదు. శ్రీలంకలో యుద్ధం 2009లో ముగిసింది, సైన్యం మాత్రం అంతే మిగిలింది. ఎందుకంటే దళాన్ని పుట్టించడం తేలిక, రద్దు చేయడం కష్టం. ప్రతి ఊళ్ళోనూ దాని మీద బతికే కుటుంబాలు ఉంటాయి. నేను గమనించింది...

సంధానకర్త: క్షమించాలి, సమయం దగ్గర పడింది. ముగ్గురూ ఒక్కొక్క వాక్యంలో చెప్పండి. మన మత్స్యకారులు భయపడాలా, అక్కర్లేదా?

పాత్రికేయుడు: మెరైన్లకు భయపడనక్కర్లేదు. గస్తీ పడవలకు భయపడాలి, అది పాత భయమే.

కమాండర్: నాది ఒక్కటే వాక్యం. ఓడలు లేని దేశం మెరైన్ దళం పెట్టుకోవడం డబ్బు దండగ, ఉన్న పదాతి సైన్యంలో ఒక్క బెటాలియన్‌కు ఈత, పడవ, తీరం నేర్పితే చాలు, ఆ మిగిలిన డబ్బుతో గస్తీ పడవలు కొనుక్కోవాలి, మాల్దీవులకు మనం వెళ్ళినట్టే ఎవరో ఒకరు వస్తారు, గత వారం నేనన్న ఏనుగు మాట మీద ఈ రోజు కూడా నిలబడి ఉన్నాను, అది తప్పని ఇక్కడ ఎవరూ నిరూపించలేదు, ఇంకా చెప్పాలంటే...

ఆచార్యురాలు: కూర్చునే దళం గురించి నేను అడిగినదానికి మీరు...

సంధానకర్త: అందరికీ ధన్యవాదాలు. కమాండర్ గారి మాటలతో ఈ చర్చకు ఒక స్పష్టత వచ్చిందని భావిస్తున్నాను. వచ్చే వారం కచ్చతీవు మీద ప్రత్యేక కార్యక్రమం చేస్తున్నాం.

(ముగింపు సంగీతం మొదలైంది. ఆచార్యురాలు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు గానీ, ఆ మాటలు రికార్డులో వినిపించడం లేదు.)