గోడలోంచి గొంతు, నేల మీద ఇడ్లీ పిండి, రాత్రి చూసిన కొరియన్ సినిమా

ఈ రోజు వీడియో నిద్రమొహంతో మొదలవుతోంది, ఏమీ అనుకోకండి. రాత్రి రెండున్నర దాకా కన్ను మూతపడలేదు. ఇదిగో, ఈ మూల దుప్పటి చుట్టి పెట్టిన గిన్నె కనిపిస్తోంది కదా, అది మా ఇడ్లీ పిండి. మేముండే సువోన్, అంటే కొరియాలో సియోల్ దగ్గరి ఊళ్లో, జనవరి అంటే బయట మైనస్ పది, కానీ ఇక్కడ ఇళ్లల్లో నేల కింద వేడినీళ్ల గొట్టాలుంటాయి, ఓందోల్ అంటారు. ఆ వెచ్చటి నేల మీద పెడితే పిండి మన దగ్గర మే నెలలో పొంగినట్టు పొంగుతుంది. మూత తీసి చూస్తున్నానా, సరిగ్గా అప్పుడే హాల్లో గోడలోంచి ఒక మగ గొంతు. గరిట జారి కింద పడింది.

దొంగలెవరూ కాదులెండి. కొరియా అపార్ట్‌మెంట్లలో ప్రతి ఇంట్లో ఒక స్పీకర్ బిగించి ఉంటుంది, మెయింటెనెన్స్ ఆఫీసు వాళ్లు అందులోంచి చెప్పాల్సినవి చెబుతారు. చలికి గొట్టాలు గడ్డకడుతున్నాయి, ఇవాళ బాల్కనీలో వాషింగ్ మెషీన్ వేయకండి అని ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. నాలుగేళ్లుగా వింటున్న గొంతే. ఇవాళే గుండె ఆగినంత పనైంది, కారణం రాత్రి చూసిన సినిమా.

'వాయిస్ ఆఫ్ ఎ మర్డరర్' అని 2007లో వచ్చింది. కొరియన్ పేరు 'గునోమ్ మొక్సొరి'. మొక్సొరి అంటే గొంతు, నోమ్ అంటే వట్టి 'వాడు' కాదు, కోపంలో మనం 'ఆ వెధవ' అంటామే, అలాంటి మాట. ఆ వెధవ గొంతు! ఇంగ్లిష్ పేరులో ఈ కసి లేదు. కథ చిన్నది. టీవీలో వార్తలు చదివే పెద్ద యాంకర్ ఒకాయన ఉంటాడు, సొల్ క్యుంగ్ గు వేశాడు, భార్యగా కిమ్ నామ్ జు. వాళ్ల తొమ్మిదేళ్ల కొడుకు కనిపించకుండా పోతాడు. ఫోన్ మోగుతుంది. అంతే, ఇక సినిమా అయ్యేదాకా ఆ ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఎత్తుకెళ్లినవాడి ముఖం మనకు చూపించరు, వినిపించేది గొంతు ఒక్కటే. ఆ గొంతు ఇచ్చింది ఎవరో తెలుసా, కాంగ్ డాంగ్ వాన్, అమ్మాయిలు పడి చచ్చే హీరో. అంత అందగాణ్ణి పెట్టుకుని ముఖం చూపించకపోవడం నాకు భలే నచ్చింది.

నన్ను భయపెట్టింది రక్తం కాదు. కొరియన్ థ్రిల్లర్లంటే కత్తులు, సుత్తులు, వానలో పరుగులు అనుకుంటాం కదా, అవి ఇందులో తక్కువే. భయపెట్టింది వాడి మర్యాద. నేను ఇక్కడికొచ్చాక మొదట నేర్చుకున్నది మాట చివర 'యో' తగిలించడం. మనం 'అండి' అంటామే, దాదాపు అలాంటిదే. కూరగాయలమ్మే ఆవిడతో యో, బస్సు డ్రైవర్‌తో యో, ఎక్కడైనా మరిచిపోతే మా ఆయన నా డొక్కలో పొడిచేవాడు. నాకిప్పటికీ కొరియన్ అంతా అర్థం కాదు, కానీ ఆ 'యో' మాత్రం ఎక్కడున్నా చెవిన పడుతుంది. సినిమాలో ఆ ఎత్తుకెళ్లినవాడు అరవడు. తొందరపడడు. మీ అబ్బాయి బాగానే ఉన్నాడండి, డబ్బు సర్దారా అండి, పోలీసులకు చెప్పలేదు కదండీ అన్నట్టు, కరెంటు బిల్లు గుర్తుచేసేవాడిలా మాట్లాడతాడు. తిట్టినా ఇంత భయమేసేది కాదేమో.

ఇది కల్పన అయితే సగం బాధ తగ్గేది. 1991 జనవరి 29న సియోల్‌లోని అప్‌గుజంగ్‌లో, అపార్ట్‌మెంట్ పిల్లలు ఆడుకునే చోటు నుంచి ఒక బాబు నిజంగానే మాయమయ్యాడు. అంతకు మూడు నెలల ముందే, 1990 అక్టోబర్‌లో, అప్పటి అధ్యక్షుడు రో తే వూ నేరాల మీద యుద్ధం ప్రకటించి ఉన్నాడు. యుద్ధం ప్రకటించిన దేశంలో, రాజధానిలో, డబ్బున్నవాళ్లుండే పేటలో జరిగింది ఇది. ఎత్తుకెళ్లినవాడు 44 రోజుల్లో 60 సార్లకు పైగా ఫోన్ చేశాడు. ఏడు కోట్ల వన్‌లు అడిగాడు, కారులో ఫోన్ పెట్టించుకోమన్నాడు. ఆ ఫోన్‌లోనే తండ్రిని ఇటు వెళ్లు అటు వెళ్లు అని ఊరంతా తిప్పాడు, చీటీలు వదిలాడు, దొంగ పేరుతో బ్యాంకు ఖాతా తెరిచి అందులో డబ్బు వేయమన్నాడు. అప్పట్లో ఇక్కడ అసలు పేరు లేకుండా ఖాతా తెరవడం కుదిరేది, 1993 ఆగస్టులో గానీ దాన్ని ఆపలేదు. మార్చి 13న హాన్ నది పక్కన కాలువలో బాబు దొరికాడు.

పోస్టుమార్టంలో తేలిందేమిటంటే, ఎత్తుకెళ్లిన కొద్దిసేపటికే చంపేశాడు. అంటే ఆ అరవై ఫోన్లూ, 'బాగానే ఉన్నాడు' అన్న ప్రతి మాటా, పిల్లాడు లేకుండా పోయాక చేసినవే. రాత్రి ఈ సంగతి చదివి ఫోన్ పక్కన పెట్టేసి, వెళ్లి మా చిన్నోడి గదిలో కూర్చున్నా. వాడు కాళ్లు గోడకి ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

ఆ హంతకుణ్ణి ఇప్పటికీ పట్టుకోలేదు. గొంతు ఉంది, చేతిరాత ఉంది, ఊహాచిత్రం ఉంది, మనిషి లేడు. ఇక ఇది వింటే మీకూ మండుతుంది, అప్పటి కొరియా చట్టంలో హత్యకైనా కేసు వేయడానికి 15 ఏళ్లే గడువు. 2006 జనవరిలో ఆ గడువు తీరిపోయింది. మరుసటి రోజు వాడు పోలీస్ స్టేషన్‌కొచ్చి నేనే చేశానని చెప్పి, కాఫీ తాగి వెళ్లినా ఏమీ చేయలేరన్నమాట. మన దగ్గర మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు ఇలాంటి గడువు లేదు. మన చట్టాల్ని తిట్టుకుంటూ పెరిగినదాన్ని, ఈ ఒక్క విషయంలో మనమే నయం అనిపించింది, కేసు నలభై ఏళ్లు నడవడం సంగతి వేరే.

గడువు తీరిన ఏడాదికి, 2007 ఫిబ్రవరిలో సినిమా వచ్చింది. తీసిన పార్క్ జిన్ ప్యో అంతకు ముందు టీవీ మనిషి, 1992లో ఈ కేసు మీద ఎస్‌బీఎస్ అనే టీవీ ఛానెల్‌లో వచ్చిన కార్యక్రమంలో సహాయకుడిగా పనిచేశాడు. పదిహేనేళ్లు మనసులో పెట్టుకుని తీసిన సినిమా. అందుకే చివర్లో నటుల్ని పక్కకి తీసేసి వాడి అసలు గొంతు, రికార్డయినది ఉన్నదున్నట్టు వినిపిస్తాడు. ఊహాచిత్రం కూడా తెర మీద పెడతాడు. గుర్తుపట్టండి, చెప్పండి అని. కేసు వేయడానికి వీల్లేకపోయినా సరే. ముప్ఫై లక్షల మందికి పైగా థియేటర్లో కూర్చుని ఆ గొంతు విన్నారు. వాడు కూడా ఎక్కడో ఒక హాల్లో కూర్చుని విన్నాడేమో! ఈ ఆలోచన వచ్చాకే నా నిద్ర పోయింది. 2007 చివర్లో హత్యకు గడువు 25 ఏళ్లకు పెంచారు, 2015లో ఎత్తేశారు. కానీ ఈ కేసు అప్పటికే చేజారిపోయింది.

సినిమా గొప్పదా అంటే, మధ్యలో సాగదీశారు. తల్లి ఏడుపు, ప్రార్థనలు మన పాత సెంటిమెంట్ సినిమాల స్థాయిలో ఉన్నాయి, పోలీసులతో కామెడీ నాకైతే అతకలేదు. కానీ యాంకర్‌గా గంభీరంగా వార్తలు చదివే మనిషి కెమెరా ముందు కూలిపోయే దగ్గర సొల్ క్యుంగ్ గు ముందు ఏ లోపమూ గుర్తుండదు. పిల్లలున్నవాళ్లు రాత్రిపూట చూడకండి. నేను చూశాను కాబట్టి చెబుతున్నా.

పొద్దున చెత్త వేయడానికి కిందికి వెళ్తే మా కింది అంతస్తు హల్మొని, అంటే బామ్మగారు, ప్లాస్టిక్ సీసాల లేబుళ్లు పీకుతూ కనిపించింది. నన్ను 'సెదెక్' అంటుంది, కొత్త పెళ్లికూతురా అని. నాకు పెళ్లయి పదేళ్లు దాటింది, ఆవిడకి చెప్పడం మానేశాను. ఈ సినిమా చూశానన్నాను. ఆవిడ చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. అప్పట్లో ఆ గొంతు టీవీలో వేసేవారట. వాళ్లాయన సౌండ్ పెంచి మరీ విని, ఇది మన బంధువుల్లో ఎవరి గొంతైనా ఉందా అని అందరి గొంతులూ గుర్తుచేసుకునేవాడట. 'ఎవరి గొంతులాగా లేదు, అందరి గొంతులాగా ఉంది' అంది. ఆ తర్వాత నా సంచిలో ఉన్న పాల డబ్బా తీసి, ఇది అట్టల్లో వేయకూడదు, కడిగి విడిగా వేయాలి అని క్లాసు పీకింది.

ఈ ఆదివారం హాన్ నదికి వెళ్తున్నాం. సువోన్ నుంచి సుయిన్-బుందాంగ్ లైన్ ఎక్కితే మారకుండా అప్‌గుజంగ్ రోడియోలో దిగొచ్చు. ఆ ఆటస్థలం చూపించండి అని అడిగేవాళ్లు ఉంటారు, ముందే చెబుతున్నా, చూపించను. అక్కడ ఇప్పుడు వేరే పిల్లలు ఆడుకుంటారు. నది ఒడ్డున రామ్యన్, అంటే ఇక్కడి ఇన్‌స్టంట్ నూడుల్స్, వండుకునే మెషీన్ చూపిస్తాను, అది చాలు.

మీకు ఇంకోటి చెప్పాలి. ఇక్కడ ఫోన్‌కి తరచుగా పోలీసుల మెసేజ్ వస్తుంది, ఫలానా వయసు పెద్దాయన తప్పిపోయాడు, ఇంత ఎత్తు, నల్ల కోటు అని. 2021 నుంచి మొదలైంది. ఇంకోవైపు, మీ పిల్లాడు మా దగ్గరున్నాడు డబ్బు పంపండి అని అబద్ధపు ఫోన్లు చేసే మోసగాళ్లూ ఉన్నారు, వాయిస్ ఫిషింగ్ అంటారు. కాబట్టి తెలియని నంబర్లు నేను ఎత్తను.

ఇవాళ మధ్యాహ్నం నాలుగింటికి తెలియని నంబర్. చిన్నోడు తైక్వాండో క్లాసులో ఉన్నాడు. ఎత్తాను. అవతల మగ గొంతు, నెమ్మదిగా, చాలా మర్యాదగా, 'ఒమొనిమ్', అంటే అమ్మగారూ, 'మీ అబ్బాయి నా దగ్గరే ఉన్నాడు' అన్నాడు. నాకు కొరియన్ మొత్తం మరిచిపోయింది. 'ఆఁ?' అని తెలుగులోనే అన్నాను. కొత్త మాస్టారట. పసుపు వ్యాన్ మంచులో ఆగిపోయిందట, పది నిమిషాలు ఆలస్యమవుతుందని చెప్పడానికి చేశారట. వెనకనుంచి మావాడి కేకలు, 'అమ్మా, ఇవాళ ఇడ్లీ వద్దు, రామ్యన్!'

ఇడ్లీయే పెట్టాను. పిండి బాగా పొంగింది, చూడండి.