ఈసుడు రోగానికి టీకా వేస్తే గొర్రె ఈసుకుపోతుందా?!

మొన్నటి వీడియో కింద ఒకాయన కామెంట్: "లైవ్ టీకాలంటే (బతికున్న క్రిములతో చేసే టీకాలు) జనాన్ని భయపెట్టి వ్యూస్ తెచ్చుకుంటున్నావ్." అన్నా, భయపెడుతోంది నేను కాదు. చూడి గొర్రెలకు వేయొద్దని టీకా వేసేవాళ్లకు చెప్పే మొదటి జాగ్రత్తే అది!

బ్రూసెల్లోసిస్. మన కాపరుల మాటలో ఈసుడు రోగం. ఒక గొర్రె ఈసుకుపోతే, అంటే కడుపు పోతే, మంద మొత్తానికీ పాకుతుంది, మనుషులకూ అంటుతుంది. గొర్రెలకు దీని లైవ్ టీకా రెవ్-1. 1950లలో కాలిఫోర్నియాలో శాస్త్రవేత్త ఎల్బర్గ్ బృందం తయారుచేసింది. పనిచేయదని నేననను, బాగానే చేస్తుంది. కానీ చూడి గొర్రెకు పడితే కడుపు పోవచ్చు. కడుపు నిలబడాలని వేసే టీకాతో కడుపు పోవడమేంటండీ!

ఇంకా ఉంది. డాక్టరుగారి వేలికి సూది గుచ్చుకుంటే ఆయనకే రోగం రావచ్చు. ఈ రోగానికి వాడే మందుల్లో స్ట్రెప్టోమైసిన్ ఒకటి. టీకాలోని బ్యాక్టీరియా మీద అది పనిచేయదు! ఎందుకో తెలుసా? ముందు ఆ మందు లేకపోతే బతకలేని బ్యాక్టీరియాను తీశారు. అందులోంచి మందు లేకున్నా బతికేదాన్ని ఏరారు. వెనక్కి తిరిగింది కాబట్టి రివర్టెంట్, అదే రెవ్. మందు అవసరం పోయింది, మందును తట్టుకునే మొండితనం పోలేదు.

ఇప్పుడు సూది బదులు కంట్లో చుక్క వేయమంటున్నారు, మూడు నుంచి ఆరు నెలల గొర్రె పిల్లలకు. ఒకరు పిల్లను మోకాళ్ల మధ్య బిగించి పట్టుకోవాలి, డాక్టరు కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేయాలి. ఆ చుక్కలో దాదాపు వంద కోట్ల బతికున్న బ్యాక్టీరియా. పిల్ల తల విదిలిస్తే ఎవరి కంట్లో పడుతుందో మీరే చెప్పండి.

చైనాలో లాంజౌ గుర్తుంది కదా? 2019లో పశువుల బ్రూసెల్లా టీకా ఫ్యాక్టరీలో గడువు తీరిన క్రిమిసంహారకం వాడారు, బ్యాక్టీరియా గాల్లో కలిసింది, పదివేల మందికి పైగా పాజిటివ్. అది రెవ్-1 కాదు, వేరే రకం. ఐనా లైవే!

మరి దారి లేదా? ఒక ఇబ్బందికైతే ఉంది. టీకా వేసిన గొర్రె రక్తపరీక్షలో రోగిలా కనబడటం పెద్ద తలనొప్పి కదా, స్పెయిన్‌లో నవార్ర శాస్త్రవేత్తలు జెల్లీఫిష్‌లోని మెరిసే ప్రొటీన్ జన్యువును రెవ్-1లో పెట్టారు. రక్తంలో ఆ ప్రొటీన్‌కు యాంటీబాడీలు (శరీరం తయారుచేసుకునే రక్షణ పదార్థాలు) ఉంటే టీకా గొర్రె అని తేలిపోతుంది. తెలివైన పని! అయితే కడుపు పోయే గొడవ దీంతో తీరదు.

డెబ్బై ఏళ్లయినా దీన్ని మించినది మార్కెట్లోకి ఎందుకు రాలేదు? నా లెక్క ఒకటే. గొర్రె పేదవాడి ఆస్తి, కంపెనీకి లాభం లేదు. మన దగ్గరే చూడండి. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో బ్రూసెల్లా టీకా ఆవు, గేదె పెయ్యలకే. 2019 పశుగణనలో తెలంగాణలో గొర్రెలు కోటీ తొంభై లక్షలు, దేశంలోనే మొదటి స్థానం!

కాపరులుంటే కింద రాయండి: ఈ ఏడు మీ మందలో ఎన్ని ఈసుకుపోయాయి? మనుషులకూ అంటుతుందన్నాను కదా, మాయను (మావిని) ఉత్త చేత్తో తీశారా, గ్లౌజు వేసుకున్నారా?