చేతిలో రాజులు, పాట్‌లో అయిదుగురు

(అమెరికాలోని తెలుగు శ్రోతల కోసం ప్రసారమయ్యే వారాంతపు ఫోన్-ఇన్ కార్యక్రమం. స్టూడియోలో అతిథిగా ఒక పోకర్ కోచ్ ఉన్నారు.)

యాంకర్: నమస్కారం. ఈ వారం విషయం లైవ్ పోకర్, అంటే టేబుల్ దగ్గర కూర్చుని ఆడే పోకర్. మంచి ముక్కలు వచ్చాయి, రెయిజ్ చేశాం, అంటే పందెం పెంచాం, అయినా టేబుల్ మీద సగం మంది కాల్ చేసి, అంటే అంతే డబ్బు పెట్టి, వచ్చేశారు, ఇప్పుడేం చేయాలి అని చాలామంది అడుగుతున్నారు. మొదటి కాల్ శాన్ హోసే నుంచి. చెప్పండి.

కాలర్ (శాన్ హోసే): నమస్తే అన్నా. పోయిన శనివారం 1-3 నో లిమిట్ ఆడాను, అంటే ముక్కలు పంచకముందే ఇద్దరు 1, 3 డాలర్ల బ్లైండ్లు పెట్టే, పందేనికి పరిమితి లేని ఆట. అందరి దగ్గరా 300 డాలర్లు ఉన్నాయి. ఇద్దరు రెయిజ్ చేయకుండా 3 డాలర్లే పెట్టి లింప్ అయ్యారు. నాకు రెండు రాజులు, ఆఠీను, డైమను. 15కి రెయిజ్ చేశాను. చివర ఆడే బటన్ సీటాయన, 3 పెట్టిన బిగ్ బ్లైండ్, ఆ లింప్ అయిన ఇద్దరూ, మొత్తం నలుగురూ కాల్ చేశారు.

కోచ్: ఫ్లాప్‌లో, అంటే టేబుల్ మీద అందరికీ కలిపి తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఏమొచ్చాయి?

కాలర్: తొమ్మిది, ఎనిమిది ఇస్పేట్లు, ఆరు డైమను. నా దాకా అందరూ చెక్, అంటే ఎవరూ పందెం పెట్టలేదు. నేను 60 పెట్టాను. బటన్ ఫోల్డ్, అంటే ముక్కలు పారేశాడు, బిగ్ బ్లైండ్ కాల్. లింప్ అయినవాళ్లలో మొదటాయన ఒక్కసారిగా ఆల్ ఇన్ అని ఉన్నదంతా పెట్టేశాడు, రెండో ఆయన ఫోల్డ్. నేను చాలాసేపు ఆలోచించి ఫోల్డ్ చేశాను. బిగ్ బ్లైండ్ కూడా వదిలేశాడు, ఆల్ ఇన్ అన్నాయన ముక్కలు చూపించలేదు. అప్పటినుంచి మా ఫ్రెండ్స్ "రాజులు పారేశావా!" అని ఒకటే మాటలు. నేను చేసింది తప్పా అన్నా?

కోచ్: తప్పు కాదమ్మా. నేనైనా ఫోల్డే చేసేవాణ్ని. ఎందుకో లెక్క చూద్దాం. ఫ్లాప్‌కి ముందు పాట్, అంటే మధ్యలో చేరిన డబ్బు, 76: అయిదుగురి 15లు కలిపి 75, స్మాల్ బ్లైండ్ 1. మీ 60, బిగ్ బ్లైండ్ 60, ఆయన ఆల్ ఇన్ 285. అన్నీ కలిపి 481. మీరు ఇంకో 225 పెట్టాలి. అంటే దాదాపు 32 శాతం సార్లు గెలిస్తేనే ఆ కాల్ గిట్టుబాటు అవుతుంది.

ఇప్పుడు ఆయన చేతిలో ఏముండొచ్చు? తొమ్మిదుల జత, ఎనిమిదుల జత, ఆరుల జత, ఏదున్నా సెట్, అంటే ఒకే అంకె ముక్కలు మూడు. ఒక్కోదానికి మూడు రకాలుగా, మొత్తం తొమ్మిది రకాలుగా రావచ్చు. వాటిమీద మీ రాజులు పదిసార్లలో ఒక్కసారి గెలిస్తే గొప్ప. పది-ఏడు గానీ, ఏడు-అయిదు గానీ ఉంటే స్ట్రెయిట్, అంటే వరసగా అయిదు ముక్కలు, అప్పటికే పూర్తయింది, మీకు దాదాపు దారి లేదు. పోనీ అంతా డ్రాయే, అంటే ఇంకో ముక్క పడితేనే పూర్తయ్యే చేయే, అనుకుందాం. జాకీ-పది రెండూ ఇస్పేట్లయితే ఫ్లష్ (అయిదు ముక్కలూ ఒకే రంగు, అంటే ఒకే గుర్తు) డ్రా, స్ట్రెయిట్ డ్రా రెండూ ఉంటాయి. ఆ చేతితో రాజుల మీద కూడా ఆయనే కొంచెం ముందు ఉంటాడు. మీరు ధైర్యంగా ముందున్నానని చెప్పగలిగేది ఉత్త ఫ్లష్ డ్రా మీద, చిన్న జతల మీద. ఇవి తక్కువ.

ఇంకో మాట. ఆయన ఎవరి మీద రెయిజ్ చేశాడు? రెయిజ్ చేసిన మీ మీద, మీ వెనక కాల్ చేసిన ఇంకో మనిషి మీద కూడా. 1-3 టేబుల్స్‌లో నలుగురైదుగురు ఉన్న పాట్‌లో ముందు చెక్ చేసి తర్వాత ఆల్ ఇన్ అనేవాళ్లు బ్లఫ్ చేయడం చాలా అరుదు. ఈ విషయం మీద నాకు గట్టి నమ్మకం ఉంది.

కాలర్: అయితే అంతా కరెక్టేనా?

కోచ్: ఫోల్డ్ కరెక్ట్. అసలు సంగతి దానికి ముందే ఉంది. ఇద్దరు లింప్ అయ్యాక 15 చాలా తక్కువ. టేబుల్ చూస్తే అందరూ కాల్ చేసే రకమని తెలుస్తూనే ఉంటుంది కదా. అక్కడ 25 పెట్టండి. దానికీ నలుగురు వచ్చేస్తుంటే తర్వాతిసారి 30.

యాంకర్: అంత పెడితే అందరూ పారిపోరా? రాజులకి డబ్బులు రావద్దా?

కోచ్: మంచి ప్రశ్న మేడమ్. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఎదుటివాళ్ల చేతిలో ఏవో ఒక ముక్కలు ఉన్నాయనుకుంటే రాజుల జత ఒక్కరి మీద 82 శాతం గెలుస్తుంది, ఇద్దరి మీద 69, ముగ్గురి మీద 58, నలుగురి మీద దాదాపు సగం. ఇది చూసి జనం ఎక్కువైతే రాజులు పనికిరావని అనుకోకూడదు. అయిదుగురు సమానంగా డబ్బు పెట్టిన పాట్‌లో మీరు పెట్టింది అయిదో వంతే, గెలిచేది దాదాపు సగం సార్లు. ఫ్లాప్‌కి ముందే డబ్బంతా లోపలికి వెళ్లిపోతే మనకు పండగే. చిక్కు ఏమిటంటే, డబ్బు ఇంకా చేతిలోనే ఉంటుంది. ఫ్లాప్ వచ్చాక నలుగురిలో ఎవరో ఒకరికి తగులుతుంది, తగిలినవాడికి మాత్రమే మీరు పెద్ద మొత్తం కడతారు. తగలనివాళ్లు పైసా ఇవ్వకుండా వెళ్లిపోతారు. రాజులు ఫ్లాప్ తర్వాత ఒక్క జతే, ఆ సంగతి మర్చిపోవద్దు.

అదే 25 పెట్టి ఇద్దరు వచ్చారనుకోండి, పాట్ దాదాపు 80. మీకు వచ్చిన 76 కంటే తక్కువేం కాదు. కానీ ఎదురుగా నలుగురు కాదు, ఇద్దరే.

కాలర్: అర్థమైంది అన్నా. ఆ ఫ్లాప్‌లో నేను చెక్ చేసి ఉండాల్సిందా?

కోచ్: బెట్ బాగానే ఉంది. ఆ బోర్డు మీద, అంటే టేబుల్ మీద తెరిచిన ఆ ముక్కల మీద, ఊరికే ఇంకో ముక్క చూడనివ్వకూడదు. పెడితే 60లా గట్టిగానే పెట్టాలి. 20 పెడితే అందరూ వచ్చేస్తారు, ఎవరి దగ్గర ఏముందో మీకేమీ తెలియదు. బోర్డు రాజు, ఏడు, రెండు, మూడూ వేరే రంగులైతే కథే వేరు, మీకు రాజులు మూడవుతాయి, అక్కడ భయపడే పనే లేదు.

యాంకర్: థాంక్స్ అండి. తర్వాతి కాల్ డల్లాస్ నుంచి.

కాలర్ (డల్లాస్): సర్, నాకు ఏస్-కింగ్ వస్తే టెన్షన్. రెయిజ్ చేస్తాను, ముగ్గురు నలుగురు వస్తారు, ఫ్లాప్‌లో ఏమీ తగలదు. అప్పటికే రెయిజ్ చేశాను కదా అని బెట్ పెడతాను. ఎవరో ఒకరు కాల్ చేస్తారు.

కోచ్: ఆ బెట్ మానేయండమ్మా. ఏస్-కింగ్‌కి ఫ్లాప్‌లో ఏసో కింగో తగిలేది సుమారు మూడింట ఒకసారి. తగలని రెండుసార్లూ నలుగురి మీద బ్లఫ్ చేస్తే డబ్బు కరిగిపోతుంది. ఒక్కరే ఉన్నప్పుడు ఆ బెట్ పనిచేస్తుంది, ఎందుకంటే ఆయనకూ ఎక్కువసార్లు తగలదు. నలుగురికీ తగలకపోవడం కష్టం.

కాలర్: చెక్ చేస్తే బలం లేదని తెలిసిపోతుంది కదా సర్?

కోచ్: తెలియనివ్వండి. ఆ పాట్ మీది కాదు, వదిలేయండి. తగిలినప్పుడు మాత్రం సిగ్గుపడకండి, పాట్‌లో మూడింట రెండు వంతులు పెట్టండి. లైవ్ టేబుల్స్‌లో ఏస్-పది, ఏస్-జాకీ పట్టుకుని మీకు కాల్ చేసేవాళ్లు బోలెడుమంది. మీ డబ్బు వచ్చేది వాళ్ల దగ్గరనుంచే. ఇంకొకటి, రెండు ముక్కలూ ఒకే రంగైతే జనం ఎక్కువున్నా పర్వాలేదు. ఫ్లష్ పడితే అన్నిటికంటే పెద్ద ఫ్లష్ మీదే.

యాంకర్: ఇండియా నుంచి కూడా ఒక కాల్ ఉంది. హైదరాబాద్ శ్రోత. చెప్పండి బాబూ.

కాలర్ (హైదరాబాద్): నమస్తే సర్. నెట్‌లో మీ ప్రోగ్రామ్ వింటున్నాను. వచ్చే నెల ఫ్రెండ్స్‌తో గోవా వెళ్తున్నాం, మాండోవి నది మీద ఉన్న కాసినోలో 100-200 రూపాయల బ్లైండ్ల ఆట ఆడదామని. ఏసుల జత వస్తే రెయిజ్ చేయకుండా ఊరికే కాల్ చేసి దాచిపెట్టమంటున్నాడు ఒకడు. నిజమేనా?

కోచ్: దాచొద్దు. నువ్వు 200 పెట్టి ఊరుకుంటే ఆరుగురు అదే 200కి ఫ్లాప్ చూస్తారు. ఏడు-నాలుగు పట్టుకున్నవాడికి రెండు జతలు పడితే నీకు తెలిసే దారే ఉండదు. ఏసులు 221 చేతులకు, అంటే పంపకాలకు, ఒకసారి వస్తాయి. లైవ్‌లో గంటకు పాతిక, ముప్ఫై చేతులు ఆడతారు. ఆ లెక్కన రోజంతా కూర్చుంటే ఒకసారి రావచ్చు. దాన్ని 200కి ఎందుకు ఇచ్చేయాలి? ఎవరూ లింప్ కాకపోతే 800 నుంచి 1000, ఇద్దరు లింప్ అయితే 1400 దాకా.

కాలర్: ఎప్పుడూ దాచకూడదా?

కోచ్: ఒక్క సందర్భం ఉంది. నీ తర్వాత కూర్చున్నవాడు ప్రతి చేతికీ రెయిజ్ చేసే మనిషి అయితే, కాల్ చేసి ఆగు. అతను రెయిజ్ చేశాక, మధ్యలో ఇద్దరు కాల్ చేశాక, నువ్వు పెద్దగా మళ్లీ రెయిజ్ చెయ్యి. ఆ మనిషి అలా ఆడటం నువ్వు కళ్లారా చూసి ఉండాలి, ఊహించుకుని కాదు.

యాంకర్: ఇండియాలో ఆన్‌లైన్‌లో ప్రాక్టీస్ చేయొచ్చా అని కూడా మెసేజ్ పెట్టావు కదా.

కోచ్: డబ్బు పెట్టి వద్దు. తెలంగాణలో 2017లోనే చట్టం సవరించారు, నైపుణ్యం ఆట అన్న మినహాయింపు కూడా లేకుండా చేశారు. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా నిషేధించింది. ఇంట్లో నలుగురు కూర్చుని పైసలు లేకుండా ముక్కలు పంచుకోండి. ఏసులు, రాజులు, ఏస్-కింగ్ ఒకరికి ఇచ్చి, మిగతా నలుగురికి వచ్చినవి వచ్చినట్టు పంచి, ఒక్కో ఫ్లాప్ దగ్గర ఆగి ఎవరు ముందున్నారో చూడండి. వందసార్లు చేశాక గోవా వెళ్లు.