సూచి ఒకటి అయింది, మరి పిల్లలెందరు?

సభకు నమస్కారం.

మధ్య ఆదాయ దేశాల్లో ఆడపిల్లల పూర్వ ప్రాథమిక విద్య గురించి మాట్లాడమన్నారు. అంశం వినగానే, ఆడపిల్లలు ఎంత వెనకబడ్డారో లెక్కలు చదువుతానని మీలో చాలామంది అనుకొని ఉంటారు. ఈ దేశాలన్నిటినీ కలిపి చూస్తే బడికి ముందు తరగతుల్లో అమ్మాయిల నమోదూ అబ్బాయిల నమోదూ దాదాపు సమానం. నా పేచీ ఆ సమానంతోనే.

మధ్య ఆదాయం అన్నది ప్రపంచ బ్యాంకు తలసరి జాతీయాదాయాన్ని బట్టి గీసిన గీత. 2024 జులైలో ప్రకటించిన హద్దుల ప్రకారం 1,146 డాలర్ల నుంచి 14,005 డాలర్ల దాకా అంతా మధ్య ఆదాయమే. కింది అంచుకూ పై అంచుకూ పన్నెండు రెట్ల తేడా. నైజీరియా, భారత్, మొరాకో, బ్రెజిల్, చైనా, మెక్సికో అన్నీ ఒకే గంపలో ఉన్నాయి. ఇంత పెద్ద గంపకు సగటు తీస్తే అందులో ఏ పిల్ల ముఖమూ కనిపించదు.

ఇక సమానతను కొలిచే తీరు చూడండి. అమ్మాయిల నమోదు శాతాన్ని అబ్బాయిల నమోదు శాతంతో భాగిస్తారు. వచ్చిన జవాబునే సమానత సూచి అంటారు. అది 0.97కూ 1.03కూ మధ్య ఉంటే సమానత సాధించినట్టే. రెండు ఊళ్లు ఊహించుకోండి. ఒక్కో ఊళ్లో ఆ ఈడు అబ్బాయిలు వందమంది, అమ్మాయిలు వందమంది. మొదటి ఊళ్లో 20 మంది అబ్బాయిలు, 20 మంది అమ్మాయిలు తరగతికి వస్తున్నారు. సూచి 1. రెండో ఊళ్లో 90 మంది అబ్బాయిలు, 81 మంది అమ్మాయిలు వస్తున్నారు. సూచి 0.90. ఎనభై మంది ఆడపిల్లలు ఇంటిపట్టునే ఉండిపోయిన ఊరు పాసయింది, పందొమ్మిది మంది ఉండిపోయిన ఊరు తప్పింది! ఈ సూచి అబద్ధం చెప్పదు, అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతుంది. అందుకే సూచి పక్కన అసలు శాతం కూడా రాయనిదే ఏ నివేదికనూ నేను నమ్మను. అన్నట్టు, పుట్టనివ్వని ఆడపిల్లలు ఏ లెక్కలోనూ హారంలో ఉండరు. కొన్ని దేశాల విషయంలో అది చిన్న మాట కాదు.

పేరు నమోదైంది సరే, ఎక్కడ నమోదైంది? భారత్‌లో పిల్లల చదువుల స్థితి మీద ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ తెచ్చే సర్వే నివేదిక అసర్. 2019 నాటి అసర్ నివేదిక చిన్నపిల్లల మీదే దృష్టి పెట్టింది. 24 రాష్ట్రాల్లోని 26 జిల్లాల్లో, గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి అడిగారు. ఎక్కడో ఒకచోట నమోదైన నాలుగైదేళ్ల ఆడపిల్లల్లో 56.8 శాతం ప్రభుత్వ బడుల్లోనో, ప్రభుత్వ పూర్వ ప్రాథమిక కేంద్రాల్లోనో ఉన్నారు. అదే ఈడు మగపిల్లల్లో 50.4 శాతం. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు వచ్చేసరికి అది 61.1, 52.1 అయింది. రెండు మూడేళ్లు పెద్ద పిల్లల దగ్గరికి వచ్చేసరికి తేడా ఆరు నుంచి తొమ్మిది పాయింట్లకు పెరిగింది.

ఫీజు కట్టే బడి మంచిదని, ప్రభుత్వ కేంద్రం తీసికట్టని నేను అనడం లేదు. ఆ పోలికకు ఇది వేదిక కాదు. కానీ తల్లిదండ్రుల దృష్టిలో ఏది మేలైనదో దానికి వాళ్లు డబ్బు కడుతున్నారు. ఆ డబ్బు ఎవరి మీద పెట్టాలన్న ప్రశ్న, పిల్లకు నాలుగేళ్లు నిండేసరికే ఇంట్లో తేలిపోతోంది. సూచి మాత్రం ఇద్దరినీ చెరో ఒకటిగా లెక్కేసి సరిపోయిందంటుంది.

కుటుంబం చేతిలో ఈ ఎంపిక ఎంత తక్కువగా ఉంటే ఆడపిల్లకు అంత మేలని నా అభిప్రాయం. మెక్సికో 2002లో, బ్రెజిల్ 2009లో రాజ్యాంగాలు సవరించి పూర్వ ప్రాథమిక విద్యను తప్పనిసరి చేశాయి. మొరాకోది మరో దారి. అక్కడ చాలాకాలం చిన్నపిల్లల చదువంటే ప్రధానంగా ఖురాన్ పాఠాలు చెప్పే సంప్రదాయ తరగతులే. వాటిలో మగపిల్లలదే పైచేయి, పల్లెల్లో ఆడపిల్లలు బాగా వెనక ఉండేవారు. 2018లో ప్రభుత్వం పిల్లలందరికీ పూర్వ ప్రాథమిక విద్య అన్న జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి 2028ని గడువుగా పెట్టుకుంది. పల్లెలో కొత్త తరగతి గది తెరిచారంటే ముందు లాభపడేది అంతకుముందు ఎక్కడికీ పంపని పిల్లే.

చివరగా, ఈ లెక్కల్లో ఎక్కడా పేరు లేని ఒక పిల్ల గురించి. ఆమెకు తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి. మూడేళ్ల తమ్ముణ్ని చంకనెత్తుకుని తరగతి గుమ్మం దాకా వస్తుంది, దింపుతుంది, వాడు ఏడుపు ఆపేదాకా అక్కడే నిలబడుతుంది. మొజాంబిక్ మన జాబితాలోని దేశం కాదు, అది ఇంకా పేదది. అక్కడ గాజా రాష్ట్రంలోని పల్లెల్లో 2008 నుంచి నడిపిన పూర్వ ప్రాథమిక కేంద్రాలను పరిశీలిస్తే, చిన్నపిల్లలతో పాటు పది నుంచి పద్నాలుగేళ్ల అక్కలూ అన్నలూ బడికి వెళ్లడం కూడా పెరిగిందని తేలింది. చిన్నవాళ్లను చూసుకునే పని తగ్గితే పెద్దవాళ్లకు బడి దొరికింది.

అయితే ఆ కేంద్రం ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది? విద్యకు సంబంధించిన అంతర్జాతీయ వర్గీకరణలో, రోజుకు 2 గంటలు, ఏడాదికి 100 రోజులు నడిస్తే దాన్ని పూర్వ ప్రాథమిక విద్య కింద లెక్కించవచ్చు. తమ్ముడి తరగతి మధ్యాహ్నానికల్లా ముగిసిందనుకోండి. తల్లి పనిలో ఉంటుంది. వాణ్ని ఇంటికి తీసుకురావడానికి ఎవరో ఒకరు వెళ్లాలి. నమోదు పట్టికలో తమ్ముడి పేరుంది, అక్క పేరు కూడా ఉంది. రెండు పేర్లూ నిజమే. తన తరగతిలో ఆ పిల్ల మాత్రం పన్నెండు కొట్టేసరికి పుస్తకాలు సర్దుకుంటూ ఉంటుంది.