రోజుకు ఒక్కటే కదా! సిగరెట్, ఆడవాళ్ల రక్తనాళాలు, మగవాళ్ల రక్తనాళాలు
"రోజుకు ఒక్కటే కాలుస్తాను, ఏమవుతుంది?" అనేవాళ్లు ముందు ఈ లెక్క వినండి. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ఇది. రోజుకు ఒక్క సిగరెట్ కాల్చే మగవాళ్లకి గుండె రక్తనాళాల జబ్బు ముప్పు, అసలు కాల్చనివాళ్లకంటే 48 శాతం ఎక్కువ. ఆడవాళ్లకి 57 శాతం. అదే రోజుకు 20 అయితే మగవాళ్లకి ముప్పు రెట్టింపు, ఆడవాళ్లకి 2.8 రెట్లు. ఇరవై నుంచి ఒకటికి దిగినా, ముప్పు ఇరవయ్యో వంతుకి మాత్రం దిగదు.

ఆడవాళ్లకి ఎందుకు ఎక్కువ? రక్తనాళం లోపలివైపు ఒకే ఒక్క కణం మందంలో ఒక పొర ఉంటుంది, ఎండోథీలియం. అది వదిలే నైట్రిక్ ఆక్సైడ్ వల్లే నాళం వదులవుతుంది, ప్లేట్‌లెట్లు గోడకి అతుక్కోకుండా జారిపోతాయి. పొగ ఆ నైట్రిక్ ఆక్సైడ్‌ని పుట్టీపుట్టకముందే మింగేస్తుంది. ఆడవాళ్లలో దాని తయారీని పెంచేది ఈస్ట్రోజెన్ అనే హార్మోన్. సిగరెట్ ఆ ఈస్ట్రోజెన్ ప్రభావానికే గండికొడుతుంది, మెనోపాజ్‌ని, అంటే నెలసరి ఆగిపోవడాన్ని, ఒకటి రెండేళ్లు ముందుకు లాక్కొస్తుంది. పైగా వాళ్ల గుండె నాళాలు సహజంగానే కాస్త సన్నం. కారణం మొత్తం ఇదేనని తేల్చి చెప్పలేం గానీ, పెద్ద వాటా ఇక్కడే ఉందనిపిస్తుంది.

ఇంకో తిరకాసు. గోడలో పేరుకున్న కొవ్వు పగిలి క్లాట్ కట్టడం అందరికీ తెలిసిన కథ. సిగరెట్ కాల్చే చిన్న వయసు ఆడవాళ్లలో కొవ్వు పగలకుండానే, ఆ లోపలి పొర ఊడిన చోట క్లాట్ కట్టేస్తుంది. పెద్ద బ్లాక్ లేకపోయినా హార్ట్ ఎటాక్ రావచ్చు.

ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు దీనికి తోడైతే మరీ ప్రమాదం. 35 ఏళ్లు దాటి, రోజుకు 15 లేదా అంతకుమించి కాల్చేవాళ్లు ఆ మాత్రలు వాడకూడదు. డాక్టర్ దగ్గర సిగరెట్ సంగతి దాచిపెడితే చిక్కు వచ్చేది సరిగ్గా ఇక్కడే.

మరి మగవాళ్లు? కడుపులోని పెద్ద ధమని ఉబ్బడం వాళ్లలోనే చాలా ఎక్కువ. 65 నుంచి 75 ఏళ్ల మధ్య, ఎప్పుడైనా సిగరెట్ అలవాటున్న మగవాళ్లు ఒక్కసారైనా అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. ధమని వెడల్పు 3 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఉబ్బు కిందే లెక్క. అంగస్తంభన సమస్యనీ వయసు మీదకి నెట్టేయకండి. అక్కడి నాళాలు గుండె నాళాలకంటే సన్నం కాబట్టి ముందు అవే మొరాయిస్తాయి.

నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గుతోందా? ఆడైనా మగైనా చీలమండ బీపీ చూపించుకోండి. బీపీ పై అంకె చేతి దగ్గర 130, చీలమండ దగ్గర 110 ఉంటే, 110ని 130తో భాగిస్తే 0.85. 0.90 లేదా అంతకు తక్కువ వస్తే కాలి నాళాలు మూసుకుపోతున్నట్టే.