మూడు చిల్లుల సీసా

శ్రోతలకు నమస్కారం.

రేపటి పాఠానికి ఈ రాత్రి సిద్ధమయ్యే ఉపాధ్యాయులు మన గుంటూరు, విజయవాడ ప్రాంతాల్లో ఎంతమందో. పుస్తకం ఒకటే, పాఠం ఒకటే. అయినా ఎవరి పాఠ్య ప్రణాళిక వారిదే. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులకు జరిగే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో కలిసినప్పుడు నాలుగు మంచి మాటలు దొర్లుతాయి. తిరిగి బస్సు ఎక్కేసరికి అందులో సగం మరిచిపోతాం.

నాకు తెలిసిన సైన్సు టీచర్లు నలుగురున్నారు. ఒకరిది పటమట, ఒకరిది మంగళగిరి, ఒకరిది తెనాలి, ఒకరిది మాచర్ల. ఎనిమిదో తరగతిలో బలం, పీడనం పాఠానికి నలుగురూ కలిసి గూగుల్ డాక్స్‌లో ఒకే ప్రణాళిక రాసుకున్నారు. కాగితం ఒకటే, ఎవరి ఫోనులో వారు తెరిచి రాయవచ్చు.

పటమట మేడం ఇలా రాశారు: ప్లాస్టిక్ సీసాకు పైన, మధ్యన, అడుగున మూడు చిల్లులు పెట్టి నీళ్లు నింపండి. అడుగు చిల్లు ధార అన్నిటికన్నా దూరం పడుతుంది. లోతు పెరిగితే పీడనం పెరుగుతుందని పిల్లలకు తెలుస్తుంది. ఏళ్ల తరబడి అందరూ చెబుతున్నదే ఇది.

తెనాలి మాస్టారు తరగతిలో చేసి చూసి, ఆ వాక్యం పక్కనే కామెంటు పెట్టారు: "మేడం, సీసాను బల్ల మీద పెట్టి చేశాను. మధ్య చిల్లు ధారే దూరం పడింది. వెనక బెంచీ అబ్బాయి లేచి, 'సార్, అయితే పీడనం మధ్యలో ఎక్కువా?' అని అడిగాడు."

ఆ అబ్బాయి సరిగ్గానే చూశాడండీ! అడుగు ధార వేగం ఎక్కువే. కాని బల్ల మరీ దగ్గర కావడంతో బయటికి రాగానే బల్లను తాకేస్తుంది. దూరం పోయే వ్యవధి దానికి ఏది? మంగళగిరి టీచరు అక్కడే జవాబు రాశారు: సీసాను స్టూలు అంచున పెట్టండి, స్టూలు సీసా కన్నా ఎత్తుగా ఉండాలి, కింద వెడల్పాటి తొట్టి పెట్టండి. అలా చేస్తే అడుగు ధారదే గెలుపు. మాచర్ల మాస్టారు నాగార్జునసాగర్ ఆనకట్ట బొమ్మ గీసి చేర్చారు. గోడ అడుగున అంత మందంగా, పైకి వచ్చేసరికి సన్నంగా ఎందుకు కట్టారో చెప్పమని ప్రశ్న.

ఎదురుగా కూర్చున్నప్పుడు, వయసులో పెద్దావిడతో "మీ ప్రయోగం కుదరలేదు" అని ఎవరంటారు? పక్కన చిన్న కామెంటుగా రాస్తే ఆ బెరుకు ఉండదు. 2017లో వచ్చిన దీక్ష అనే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలో వీడియోలు ఉన్నాయి, పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో అవి తెరుచుకుంటాయి. మంచివే. కాని తెనాలి అబ్బాయి ప్రశ్న వాటిలో దొరకదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఒక్క మాట. ఫైలును వాట్సాప్‌లో పంపుకోకండి. "చివరిది" అని ఒకటి, "అసలు చివరిది" అని ఇంకొకటి పేరుకుపోతాయి, ఏది అసలుదో ఎవరికీ తెలియదు. లింకు పంపండి. మిగతావారికి కామెంటు పెట్టే అనుమతి మాత్రమే ఇవ్వండి, అసలు వాక్యం చెక్కుచెదరదు. పొరపాటున ఏదైనా చెరిగినా పాత ప్రతులు అందులోనే దాగి ఉంటాయి, వెనక్కి తెచ్చుకోవచ్చు. తెలుగు టైపింగు కష్టమనుకునేవారు ఫోను కీబోర్డులోని మైకు గుర్తు నొక్కి మాట్లాడితే చాలు, అక్షరాలు అవే పడతాయి.

పాఠం చెప్పిన రోజే, పిల్లలు ఎక్కడ తడబడ్డారో ఒక్క వాక్యం రాయండి. పిల్లల పేర్లు, మార్కులు మాత్రం వద్దు. లింకు ఎవరి చేతికైనా చేరవచ్చు. నమస్కారం.